విల్లును వంటయిల్లును

వేట యనగానే మన యిండ్లలోని స్త్రీలకు ముందుగా జ్ఞప్తికి వచ్చునవి దుఃఖకథలే. దశరథుడు చీకటిలో నీటి చప్పుడు విని, ఏనుగని తలచి బాణము విడిచెను. కడవ ముంచుచున్న మునిబాలుడు కూలెను. పాండురాజు జోడుగూడియున్న మృగములను కొట్టెను. ఆ శాపము కుంతీమాద్రుల కాపురముపై బడెను. సీతమ్మ బంగారులేడిని కోరెను. తరువాతి కథ పసిబిడ్డలకును తెలియును. ఇట్టి కథలు వినుచు పెరిగిన తెలుగు ఆడుబిడ్డను నేను. అట్టి నేను స్వయముగా విల్లు పట్టి, మంచె యెక్కి, ఒక ముదురు దుప్పిపోతును వేటాడితినని చెప్పినచో సోదరీమణులలో కొంద రాశ్చర్యపడుదురు, కొందరు మొగము చిట్లింతురు. స్వదేశమునుండి బంధువులు "ఆడుదానివి, నీకెందుకమ్మా యీ పని?" అని యడిగినప్పుడెల్ల ఫోనులో రెండు మాటలతో బదులు చెప్పుచు వచ్చితిని. ఆ బదులునే యిప్పుడు తీరికగా వ్రాయుచున్నాను.

నేను కృష్ణాజిల్లాలో పుట్టి, 2009వ సంవత్సరమున భర్తతో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమునకు వచ్చితిని. వారికి మ్యాడిసన్ నగరమున నుద్యోగము. మా యిల్లు నగరమునకు దూరముగా, సాక్ కౌంటీలో, ఒకవైపు మొక్కజొన్న చేలును, మరియొకవైపు ఓక్ చెట్ల గుట్టలును గల పల్లెపట్టున నున్నది. మేము కాపురము పెట్టిన మొదటి వేసవిలోనే దుప్పులు మా పెరటి చిక్కుడు పాదును వేళ్లవరకు మేసిపోయినవి.

ఇచటి దుప్పిని తెల్లతోక దుప్పి యందురు. మన చుక్కలదుప్పివలె దీని మేనిపై నెల్లకాలము చుక్కలుండవు. పుట్టిన కొన్ని నెలలకే అవి మాసిపోవును. వేసవిలో నెఱ్ఱని వెండ్రుకయు, శీతకాలమున బూడిదవన్నె కలిసిన గోధుమరంగు వెండ్రుకయు నుండును. బెదరినచో తోక నిక్కించి పరుగిడును. అప్పుడు తోక యడుగుభాగము తెల్లని రుమాలు ఊపినట్లు కానవచ్చును. కొమ్ములు సాధారణముగా మగవానికే. అవి యెద్దుకొమ్ములవలె స్థిరములు గావు. ఏటేట చలికాలమున రాలిపోయి, వసంతమున మరల మొలచి, వేసవి యంతయు నూగుచర్మముతో పెరిగి, సెప్టెంబరు నాటికి గట్టిపడును. అప్పుడు దుప్పిపోతు వానిని చెట్లకు రాచి యా చర్మమును వదల్చుకొనును.

ఈ జంతువు చరిత్ర మనుష్యుల లోభమునకును, పిదప వచ్చిన వివేకమునకును నిదర్శనము. 19వ శతాబ్దమున మాంసమును తోళ్లును అంగళ్లకు అమ్ముటకై హద్దులేక చంపుటచే, 1900 నాటికి దేశమంతటను దాదాపు ఐదులక్షలకంటె మిగులలేదని యంచనా. ఆ యేటనే, అక్రమముగా చంపిన వన్యమృగములను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించి యమ్ముటను నిషేధించు లేసీ చట్టము వచ్చెను. 1937లో మరియొక చట్టముచే వేటతుపాకులపైని తూటాలపైని పన్ను సొమ్మును వన్యప్రాణుల పోషణకే వినియోగింప నిర్ణయించిరి. 1972లో విల్లంబులను కూడ దానిలో చేర్చిరి. నేడు తెల్లతోక దుప్పులు సుమారు మూడుకోట్లు. వానిని తిను తోడేళ్లను, కొండసింహములను మనుష్యులే చాలచోట్ల పూర్వము నిర్మూలించిరి గాన, ఇప్పుడు లెక్కను అదుపులో నుంచు భారము మనుష్యులపైననే పడినది. దుప్పులు మితిమీరినచో అడవిలో ఓక్ మొలక లేవవు. రాత్రివేళ బండ్లకు అడ్డుపడి అవియు చచ్చును, మనుష్యులును చత్తురు. అందుచే ప్రతి రాష్ట్రమును ఏ ఋతువులో, ఏ ఆయుధముతో, ఎన్నింటిని వేటాడవచ్చునో ఏటేట నిర్ణయించును.

మా కౌంటీకి విలువేట చరిత్రలో నొక ప్రత్యేకస్థానము కలదు. తుపాకి రాకమునుపు ఈ నేలపై హో-చంక్ జనులు విల్లంబులతోనే దుప్పులను వేటాడి జీవించిరి. చాలకాలమునకు పిదప 1934లో విస్కాన్సిన్ ప్రభుత్వము విల్లునకు మాత్రమే ప్రత్యేకించిన దుప్పివేట ఋతువును సాక్, కొలంబియా కౌంటీలలో నడిపెను. ఆ కాలమున మ్యాడిసన్ నగరమున నున్న ప్రకృతిశాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డు తన విండ్లను తానే చెక్కుకొనెడివాడు. ఆయన సతి ఎస్టెల్లా భర్తవద్ద విలువిద్య నేర్చి, రాష్ట్రమున స్త్రీల పోటీలలో విజేతగా నిలిచెను. ఆ సంగతి చదివిననాడు నాకు కొంత ధైర్యము గలిగెను. విల్లు పురుషుని సొత్తని ఎవరు వ్రాసి యిచ్చిరి?

ఇచట నొక్క హెచ్చరిక. ఈ మాటలు చదివి మన దేశమున ఎవరును వేటకు ఉబలాటపడరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశమున లేళ్లను, దుప్పులను వేటాడుటను నిషేధించినది. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు. చుక్కలదుప్పి తెలంగాణ రాష్ట్రజంతువు. తగ్గిపోయినవానిని కాచుట యొక ధర్మము. పెరిగిపోయినచోట అదుపుచేయుట మరియొక ధర్మము. రెంటిని కలిపి తూచరాదు.

నాకు గురువు మా పొరుగున నున్న వృద్ధురాలు. ఆమె భర్త పోయినపిదప ఒంటిగా పాడిపశువులను సాకి, కమతము నిలబెట్టిన మనిషి. ఆమె అడవిలోని యొక ఓక్ చెట్టుకు, నేలకు 16 అడుగుల యెత్తున, ఇద్దరు పట్టని చిన్న మంచె యుండెను. దాని జూచినప్పుడు నాకు మా అమ్మమ్మ జ్ఞప్తికి వచ్చెను. జొన్న కంకులు పాలుపట్టు దినములలో ఆమె చేనిమంచె యెక్కి, వడిసెల త్రిప్పి, పిట్టల నదిలించుచుండెడిది. మంచెపై స్త్రీ కూర్చుండుట మనకు క్రొత్త యేమియు గాదు.

మా అత్తగారు అప్పటికి మా యొద్దనే యుండిరి. మాది మాంసము తిను నిల్లే. శనివారమును, పండుగదినములును మాత్రము మినహాయింపు. నేను విలువిద్య నేర్చుకొందునని చెప్పినప్పుడు మావారు నవ్వి యూరకుండిరి. అత్తగారు నవ్వలేదు. చాలసేపు బియ్యము చెరుగుచు, తల యెత్తక, "చంపడం సంగతి తరవాత. అది ఎంతసేపు బాధపడుతుందో అది చెప్పమ్మా నాకు" అనిరి.

నేను బదులు చెప్పలేకపోతిని. కొట్టునుండి తెచ్చు కోడిమాంసమును గూర్చి మా యింట ఎవరును ఆ ప్రశ్న వేసియుండలేదు. అది యెచట పెరిగినదో, ఎట్లు చచ్చినదో మేమెరుగము. పలుచని కాగితము చించి, కడిగి, ఉప్పుకారము పట్టింతుము. అత్తగారి ప్రశ్నకు సరియైన సమాధానము సంపాదించు వరకు బాణము విడువనని నాలో నేను నిశ్చయించుకొంటిని.

ఆ సమాధానమునకు మూడు శరదృతువులు పట్టినవి. 1973 జనవరి 1వ తేది మొదలు పుట్టినవారెల్లరు ఇచట వేటవిద్యా తరగతిలో నుత్తీర్ణులైనగాని సాధారణముగా అనుమతిపత్రము దొరకదు. నేను పండ్రెండేండ్ల పిల్లల నడుమ గూర్చుండి పరీక్ష వ్రాసితిని. నా విల్లు కొనలయందు చిన్న కప్పీలుగల నేటి కాలపు విల్లు. దానిని లాగుటకు 40 పౌనుల బలము కావలయును. పూర్తిగా లాగిన పిమ్మట కప్పీలు బరువును చాలవరకు తాము మోయును గాన, చేయి వణకక కొంతసేపు నిలుపవచ్చును. మొదటి నెలలో పది బాణములకే భుజము నొప్పిపుట్టెను. ప్రతిదినము వంట ముగిసిన పిమ్మట పెరటిలో గడ్డిమోపును గురిగా నిలిపి యభ్యసించితిని.

బాణము తుపాకిగుండువలె దెబ్బవేగముచే చంపదు. దాని అలుగు క్షురకత్తివలె పదునై, ఊపిరితిత్తులను, గుండెను కోసి, రక్తస్రావముచే ప్రాణము తీయును. ఆ చోట సరిగా తగిలినచో దుప్పి పది పదునైదు సెకనులలో స్మృతి దప్పి కూలును. జానెడు వెనుకగా పొట్టలో తగిలినచో గంటలకొలది యాతనపడును. కావున గురి యంతయు దయకు సంబంధించిన విషయము. మరియొక సంగతి: నా బాణము సెకనుకు సుమారు 230 అడుగులు పోవును, శబ్దము సుమారు 1,100 అడుగులు పోవును. అనగా వింటినారి చప్పుడు బాణముకంటె ముందే దుప్పి చెవి సోకును. అది ఉలికిపడి వంగునంతలో గురి తప్పును. అందుచే 20 గజములు దాటిన మృగముపై బాణము విడువరాదని నా గురువు నియమము. చీకటిలో విడువరాదు, శాసనమే ఏ దినమున ఏ నిమిషమువరకో గడియారముచే నిర్ణయించినది. చప్పుడు విని విడువరాదు, కన్నులార చూడవలెను. ఈ నియమములు వినినప్పుడు సరయూతీరమున దశరథునికి ఇట్టి గురు వొకడు తోడుండిన బాగుండెడిదని యనుకొంటిని.

మంచె యెక్కుట తేలికపని గాదు. ఇచటి వేటగాండ్రలో మంచెమీదనుండి పడి నడుము విరుగగొట్టుకొనువారు కలరు. కావున నేల విడిచిన క్షణమునుండి మరల నేల తాకువరకు భుజములకు, నడుమునకు, తొడలకు బిగించిన రక్షణపట్టీని చెట్టుకు గట్టిన త్రాటితో ముడివేసియుంచవలెను. విల్లును చేతబట్టి యెక్కరాదు. పైకెక్కి కూర్చుండిన పిదప త్రాటితో చేదుకొనవలెను. అలుగులు మూతలోనుండవలెను.

ఇక గాలి. దుప్పి కంటికి ఎఱుపు, నారింజవన్నెలు సరిగా తెలియవు. కాని కదలిక వెంటనే తెలియును. దాని ముక్కును మాత్రము మోసగింపలేము. అది వచ్చు త్రోవవైపునకు మన వాసన వీవరాదు. గాలి యటు వీచుదినమున మంచె యెక్కకుండుటయే మంచిది. ఉదయమున ఎండ సోకి నేల వేడెక్కుకొలది గాలి పల్లమునుండి పైకి లేచును. సాయంకాలము చల్లబడి పల్లమునకు జారును. నేను పోపు వాసన బట్టి పక్కింటి కూర చెప్పగలదానను. అయినను గాలికి ఇన్ని నడకలు కలవని మంచెమీదనే తెలిసికొంటిని. వేటకు పోవుటకు ముందురోజు తలకు నూనె పెట్టుట మానితిని. పోపు వాసన పట్టిన దుస్తులను వేరుగా నుంచితిని.

నేను చెప్పు దుప్పిపోతును మొదట 2022లో చూచితిని. ముదురుతనము కొమ్ములనుబట్టి గాక దేహమునుబట్టి తెలియును. పడుచు పోతు పొడవైన కాళ్లతో, సన్నని నడుముతో తేలికగా నడచును. ముదురు పోతునకు మెడ భుజములలో కలిసిపోవునంత లావగును. పొట్ట జారి కాళ్లు పొట్టిగా కనబడును. అడుగు తీసి అడుగు వేయుటకు ముందు గాలిని పరీక్షించును. ఐదేండ్లు బ్రతికిన పోతు ఐదు వేటఋతువులను గడచినది. అది చదువుకొన్న జంతువు. పగలు పొదలలో పరుండి రాత్రులందు తిరుగును. నవంబరు మొదటి పక్షములలో మాత్రము, జతకట్టు ఋతువగుటచే, జాగ్రత్త మరచి పగటివేళ కూడ ఆడుదుప్పుల జాడ వెదకుచుండును.

2023 అక్టోబరు చివర నొక సాయంకాలము అది నా మంచెకు 18 గజముల దూరమున వచ్చి నిలిచెను. గాలి అనుకూలము, వెలుతురు చాలినంత యుండెను. కాని అది నాకు ఎదురుగా నిలిచెను. ఎదురుగా నున్నప్పుడు గుండెకు అడ్డముగా రొమ్మెముక యుండును. బాణము తప్పుదారి పట్టును. నేను విల్లు లాగలేదు. నా గుండెచప్పుడు నాకే వినవచ్చుచుండెను. అది కొంతసేపు ఓక్ కాయలు మెసవి, వచ్చిన దారినే మరలిపోయెను. దిగివచ్చి చెప్పగా నా గురువు, "రేపటికి కూడ గాలి ఇటే" అని మాత్రము పలికెను. ఇంటికి రాగా అత్తగారు నా వట్టిచేతులు చూచి, సంగతి విని, "సరేలే, అన్నం తిను" అనిరి. ఆ దినమున మొదటిసారి ఆమె స్వరమున నాపై నమ్మకము వినిపించెను.

నవంబరు రెండవ వారమున నొక వేకువ, చీకటి యుండగానే మంచె యెక్కితిని. నేలపై తెల్లని పొడిమంచు పేరుకొనియుండెను. వ్రేళ్లు కొంకర్లు పోవుచుండెను. తెల్లవారిన పిదప ఒక ఆడుదుప్పి నా క్రిందుగా పోయెను. దాని వెనుక ఎండుటాకులపై బరువైన యడుగుల చప్పుడు. చప్పుడును నేను లెక్కింపలేదు. మృగము చెట్లసందునుండి పూర్తిగా బయటపడువరకు వేచితిని. అదే పోతు. అది యొక మ్రానువెనుకకు పోయినప్పుడు విల్లు లాగి, 15 గజముల దూరమున అడ్డముగా నిలువగానే, భుజము వెనుక మడతపై దృష్టి నిలిపి, ఊపిరి బిగబట్టి విడిచితిని. అది ఎగిరి, తోక యెత్తకయే వంపు దిగి పోయెను. అడవి మరల నిశ్శబ్దమయ్యెను.

తరువాతి యర్ధగంట నా బ్రదుకులో దీర్ఘమైన యర్ధగంట. వెంటనే దిగి వెదుకరాదు. ప్రాణము మిగిలియున్నచో బెదరి మరింత దూరము పోయి, దొరకకుండ చచ్చును. మంచెమీదనే కూర్చుండి, తగిలిన చోటు తలచుకొనుచు, అత్తగారి ప్రశ్ననే జపమువలె స్మరించితిని. పిమ్మట దిగి చూడగా బాణము నేలలో గుచ్చుకొనియుండెను. దానిపై నురుగుతో గూడిన లేతయెఱుపు రక్తము. అది ఊపిరితిత్తుల గుర్తు. మంచుమీద రక్తపుజాడ పట్టుకొని 70 అడుగులు వేయగా, పడిపోయిన కొమ్మ ప్రక్క అది పడియుండెను. పరుగు మొదలిడిన చోటికిని కూలినచోటికిని నడుమ ఎచ్చటను అది నిలిచిన జాడ లేదు. దాని ప్రక్క మోకరిల్లి మెడపై చేయి వేసితిని. ఇంకను వెచ్చగా నుండెను. నాకు సంతోషము కలిగినదా యనిన, కలిగినది; కన్నీరు వచ్చినదా యనిన, వచ్చినది. రెండును ఒక్కసారియే.

ఆపై పని యంతయు గృహిణి పనియే. ఆలస్యము లేక పేగులు తీసి దేహమును చల్లార్పవలెను. మరునాటి సాయంకాలము 5 గంటలలోపల ప్రభుత్వమునకు తెలుపవలెను. మా ప్రాంతమున మరియొక విధి కూడ కలదు. దుప్పులకు మెదడును తొలిచి, కృశింపజేసి చంపు క్షీణవ్యాధి యొకటి విస్కాన్సిన్‌లో 2002లో బయటపడినది. అది మనుష్యులకు సోకినట్లు నేటివరకు రుజువు కాలేదు. అయినను ఆ రోగము గల మాంసమును తినవలదని వైద్యశాఖవారు చెప్పుదురు. వండినను ఆ విషము నశింపదు. కావున మెడలోని గ్రంథులను ప్రభుత్వ పరీక్షకు పంపి, ఫలితము వచ్చువరకు ఆగవలెను.

నేనును నా గురువును మాంసమును కోసి, వెండివలె మెరయు పొరలు తీసి, కొవ్వు తొలగించితిమి. దుప్పి కొవ్వు మైనమువలె నాలుకకు అంటుకొనును. దానిని వంటలో ఉంచరాదు. ఎముక తీయగా సుమారు 70 పౌనులయ్యెను. అత్తగారు, నేనడుగకయే, పొట్లములపై తెలుగున "తొడ", "మెడ", "వెన్ను" అని వ్రాసి, తేది వేసి, ఫ్రీజరులో వేరు అరను కేటాయించి, ఫలితము వచ్చువరకు ఎవరును తాకరాదని దాని పిడికి దారము చుట్టిరి. ఆ యేటనే నా గురువు వేటాడిన దుప్పికి రోగము కలదని తేలి, మాంసమంతయు పారవేయవలసివచ్చెను. అది విని ఆ దారమును చూచినప్పుడెల్ల నా మనస్సు కలవరపడెను. తినుటకు పనికిరానిచో ఆ ప్రాణమునకు నేనేమి బదులు చెప్పుదును?

రెండువారములకు ఫలితము వచ్చెను, రోగము లేదు. అత్తగారు తామే దారము విప్పిరి. మెడమాంసమును పెరుగు, అల్లము, వెల్లుల్లి, మిరియములు పట్టించి రాత్రియంతయు నుంచి, మరునాడు సన్నని సెగపై మూడుగంటలు ఉడికించి, వేసవిలో మా పెరట పండి దాచియుంచిన గోంగూర కలిపితిమి. కొంత మాంసమును నా గురువునకు పంపితిమి. ఇచట వేటమాంసమును అమ్మరాదు, పంచిపెట్టవచ్చును.

భోజనమునకు ముందు అత్తగారు మరల అదే ప్రశ్న వేసిరి. ఇప్పుడు నాయొద్ద సమాధానముండెను. "డెబ్బై అడుగులు అత్తయ్యగారూ. పదిహేను సెకన్లకు మించదు" అంటిని. ఆమె తల యూపి, పిల్లల వైపు తిరిగి, "కంచంలో మిగల్చకండి" అని మాత్రమనిరి.

ఆనాటినుండి మా యింట మాంసము తినుట తగ్గినది. ఎవరును నియమము పెట్టలేదు. దాని వెల ఇంతయని తెలిసినందున చేయి తానే వెనుదీయుచున్నది. కొట్టునుండి తెచ్చు కోడిని గూర్చి కూడ పిల్లలు ఇప్పు డడుగుచున్నారు. తెలియనిచోట తెలియదనియే చెప్పుచున్నాను. సోదరీమణులారా! విల్లు పట్టుమని నేను మిమ్ము కోరుట లేదు. వంటయింటి గడప దాటి లోనికి వచ్చు ప్రతి పదార్థమును, అన్నమైనను, కూరయైనను, పాలైనను, ఎవరి చెమటతో, ఏ జీవి నష్టముతో వచ్చినదో ఒక్కసారి అడుగుడని మాత్రము కోరుచున్నాను. ఆ ప్రశ్న వేయుటకు మంచె యెక్కనక్కరలేదు. మా అత్తగారు బియ్యము చెరుగుచునే వేసిరి.